తొమ్మిదింటికి తెరిచిన తలుపు

విరాళాలు పంచే సంస్థలో పనిచేసినవాళ్ళకు ఒక సంగతి రిటైరయ్యాక గానీ తెలియదు. తమ జోకులు అంత నవ్వొచ్చేవి కావని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఏ సంస్థకు వెళ్ళినా, ఏ మాట అన్నా, అందరూ పకపకా నవ్వేవారు. అవే జోకులు ఇప్పుడు సైదాబాద్‌లో మా ఇంటి ఓనరమ్మకు చెబితే, "అయితే ఏమాయె?" అని అడుగుతోంది.

ఈ మధ్య మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. సమాజ సేవ మీద పెద్ద చదువులు చదివి, ఈ రంగంలోకి రాబోతున్నవాళ్ళు. "మేడం, మీ సర్వీసులో మీరు సాధించిన ఒక పెద్ద విజయం చెప్పండి" అంటారు. విజయాలన్నీ మా వార్షిక నివేదికల్లో రంగు ఫోటోలతో సహా ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి. వాటిలో దొరకనిది ఒకటి చెబుతాను.

మా ట్రస్టు ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల గల్లీలో, మూడో అంతస్తులో ఉండేది. కింద ఎవరో బ్యాంకు పరీక్షల లెక్కలు మైకులో చెబుతుంటే పైన మేము పేదరికం గురించి మాట్లాడుకునేవాళ్ళం. బస్తీల్లో, చుట్టుపక్కల జిల్లాల్లో పేదల కోసం పనిచేసే చిన్న చిన్న సంస్థలకు ట్రస్టు డబ్బిస్తుంది. వాళ్ళు చేసిన పనిలోంచి నేర్చుకున్నది రాసి, ఇలాంటి పథకం పెట్టండి, ఈ నిబంధన మార్చండి అని ప్రభుత్వానికి పంపుతుంది. ఇవ్వాలా వద్దా అని తేల్చేది బోర్డు. వెళ్ళి చూసొచ్చేది, రిపోర్టులు తెప్పించుకునేది, బోర్డు కోసం ఒక్కో సంస్థ గురించి ఒక్కో పేజీ సారాంశం రాసేది నేను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి ఉద్యోగం నాది.

పూజారికి ఎవరూ నిజం చెప్పరు. నేను వస్తున్నానంటే గోడలకు సున్నం పడేది. పిల్లలకు నూనె పెట్టి తల దువ్వేవారు. పెళ్ళిళ్ళకు పిలిచి మొదటి వరుసలో కుర్చీ వేసేవారు గానీ, ఆ వరుసలో నా పక్కన కూర్చునేవాళ్ళు ఉండేవారు కాదు. నాకు పెళ్ళి కాలేదు, అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. కనుక ఇంటికెళ్ళినా మాట్లాడే మనిషి లేదు. అందరూ గౌరవించే మనిషికి జ్వరమొస్తే తానే లేచి కషాయం పెట్టుకోవాలని నాకు ఆ ఉద్యోగంలో తెలిసింది. ఇది మీ జాలి కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

నాకు నిజం వినాలని ఎంత ఆశ ఉండేదంటే, రిపోర్టు ఫారంలో నేనే పట్టుబట్టి ఒక గడి చేర్పించాను. 'చేయలేకపోయినవి, ఎందుకు' అని. డైరెక్టరు గారు గుంటూరు వైపు మనిషి. "అదేంటండీ మేడం గారూ, తప్పులు రాసిస్తే డబ్బులిస్తామని చెబితే మాత్రం ఎవరు రాస్తారండీ?" అని నవ్వారు. ఆయన అన్నట్టే అయింది. గడి నిండా 'ఏమీ లేవు' అని వచ్చేది. కొంచెం నిజాయితీపరులు 'వర్షాల వల్ల ఒక సమావేశం వాయిదా పడినది' అని రాసేవారు. వర్షానికి కోపం రాదు కదా.

మూడేళ్ళు ఆ గడిలో వానలు తప్ప ఏమీ పడలేదు. నాలుగో ఏట ఒకావిడ నిజం రాసింది.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర పొద్దున్నే కూలీల అడ్డా ఉంటుంది. నల్గొండ వైపు ఊళ్ళనుంచి బతకడానికి వచ్చినవాళ్ళు తట్టా పారా పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతారు. మేస్త్రీలు బండి ఆపి, కావలసినంత మందిని మాట్లాడుకుని తీసుకుపోతారు. చంకలో బిడ్డ ఉన్న ఆడమనిషిని ఏ మేస్త్రీ పిలవడు. పిలిస్తే సగం కూలీకి పిలుస్తాడు. ఒకప్పుడు ఆ అడ్డామీదే నిలబడ్డ ఒకావిడ, ఆ పిల్లల కోసం మన్సూరాబాద్‌లో ఒక చిన్న సెంటర్ పెడతానని మా దగ్గరకు వచ్చింది. వాళ్ళ చర్చి వెనక ఖాళీగా ఉన్న రెండు గదులను పాస్టరుగారు కొద్దిపాటి కిరాయికి ఇస్తానన్నారట. ఆవిడకు నలభై దాటి ఉంటాయి. టెన్త్ వరకు చదివింది. మాట గట్టిది, చేతిరాత గుండ్రంగా ఉండేది.

గ్రాంటు మంజూరయ్యాక షరతుల కాగితం నేనే తయారుచేశాను. అందులో ఒక వాక్యం: కేంద్రం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు తెరిచి ఉండవలెను. మా వాళ్ళు ఆఫీసు వేళల్లో ఎప్పుడైనా వెళ్ళి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని రాశాను. ఆ వాక్యానికి నేను పెట్టిన ఆలోచన అంతే. టీ చల్లారేలోపు అయిపోయింది.

సంతకం పెట్టేటప్పుడు ఆవిడ వేలితో ఆ వాక్యం చూపించింది. "మేడం, అడ్డమీదికి ఆరింటికే పోతరు గద. తొమ్మిదింటికి తెరిస్తే అప్పటిదాంక పిల్లల్ని ఏడ వెడ్తరు?"

"ముందు రూల్ ప్రకారం మొదలుపెట్టమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను.

'తర్వాత చూద్దాం' అన్నది ఆఫీసుల్లో తలుపు వేసే పద్ధతి. అది ఆవిడకు తెలియదు. తర్వాత నిజంగానే చూస్తాననుకుని సంతకం పెట్టింది. మా దగ్గర డబ్బు తీసుకునే మిగతా సంస్థలవాళ్ళయితే ఆ వాక్యాన్ని ఒక నవ్వు నవ్వి పక్కన పెట్టేవారు. ఆరింటికి తెరిచి తొమ్మిదని రాసేవారు. ఆవిడ కాగితం మీద సంతకం పెట్టిందంటే పెట్టినట్టే. ఎనిమిది నెలలపాటు, ఒక్క రోజు తప్పకుండా, సరిగ్గా తొమ్మిదింటికి తలుపు తెరిచింది.

నేను నెలకోసారి వెళ్ళేదాన్ని, పదింటికో పదకొండింటికో. పది పదిహేనుమంది పిల్లలు ఉండేవారు. ఆ చోటు నాకు ఎందుకు ఇష్టమో చెప్పాలి. అక్కడ నాకు కుర్చీ వేసేవారు కాదు. "ఒచ్చిండ్రా మేడం, జర గీ పిలగాన్ని పట్టుకోండ్రి, పప్పు దించొస్త" అని ఆవిడ ఒక ముక్కు కారే పసివాణ్ణి నా ఒళ్ళో పడేసి వెళ్ళేది. వాడు నా చీర కొంగుతోనే ముక్కు తుడుచుకునేవాడు. చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆవిడతో మాట్లాడిన గంటసేపు, ఆ నెలకు నేను మనిషితో మాట్లాడిన గంట.

ఒకసారి అలా రాళ్ళు ఏరుతుంటే అంది. "వీళ్ళంత పక్కిండ్ల పిల్లలే మేడం. తల్లులు ఇంట్లనే ఉంటరు. అడ్డోళ్ల పిల్లలు ఒక్కలు గూడ ఒస్తలేరు."

"అలవాటు పడడానికి టైం పడుతుందిలే" అని ఓదార్చాను. ఆఫీసుకు వెళ్ళి 'హాజరు సంతృప్తికరం' అని రాశాను.

తొమ్మిదో నెలలో ఆవిడ ఇక నన్ను అడగలేదు. అయిదున్నరకే తలుపు తెరిచింది. మొదటి వారం ముగ్గురు, నెల తిరిగేసరికి పదకొండుమంది, అందరూ అడ్డా తల్లుల పిల్లలు. తల్లులు నిద్ర కళ్ళ పిల్లల్ని దించేసి, సద్దిగిన్నె పట్టుకుని పరుగెత్తేవాళ్ళట. సంవత్సరాఖరు రిపోర్టులో నా గడిలో ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'ఎనిమిది నెలలు ఎవరి కోసం పెట్టినమో వాళ్ళ పిల్లలు రాలేదు. తొమ్మిదింటికి తెరిచినం, టైము తప్పు. ఆ సంగతి మొదట్లోనే గట్టిగా చెప్పలేకపోయినం, అది మా తప్పు. ఇప్పుడు అయిదున్నరకు తెరుస్తున్నం, వస్తున్నరు.'

చదివి నా కళ్ళు చెమర్చాయి. ఆవిడ నా పేరెత్తలేదు. రూలు ఎవరిదో రాయలేదు. తప్పు తన నెత్తిన వేసుకుంది. అది చూసి నాకు సిగ్గు వేయాలి. మీతో అబద్ధమెందుకు, నాకు గర్వం వేసింది. నా గడి పండిందనుకున్నాను.

నా ఎదురు బల్ల సహోద్యోగి సర్వీసులో నాకంటే చిన్న, లౌక్యంలో పెద్ద. బోర్డుకు వెళ్ళే నా సారాంశం చూసి తల పట్టుకున్నాడు. "అక్కా, గీ ఎనిమిది నెలల ముచ్చట బోర్డు కాగితంల ఎందుకు వెడ్తున్నవ్? తీసెయ్. పదకొండు మంది అస్తున్నరని రాయి, చాలు."

"ఇన్నాళ్ళకు ఒకరు నిజం రాశారు. అది బోర్డు చూడాలి" అన్నాను.

"చూస్తరు. చూసినంక ఏమైతదో నువ్వు చూస్తవ్" అన్నాడు.

నేను తీసేయలేదు సరికదా, ఆ వాక్యాలను లావు అక్షరాల్లో పెట్టాను. ఎవరి నిజాయితీని నేను అలా ఎత్తిచూపుతున్నానో, దాని ఫలితం ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. నా గడి గొప్పతనం నలుగురికీ తెలియాలనే ఆత్రం తప్ప నాలో ఇంకేమీ లేదు.

బోర్డులో నలుగురు. పెద్ద పదవిలో రిటైరైన ఒక అధికారి, ఒక ప్రొఫెసరు, ఒక వ్యాపారి, ఆయన వదినగారు. మంచివాళ్ళే. బిస్కెట్లు వచ్చాయి, టీ వచ్చింది, సంస్థలు ఒక్కొక్కటే వచ్చిపోయాయి. 'ఏమీ లేవు' అన్న సంస్థలకు నిమిషానికొకటి చొప్పున వచ్చే ఏడాదికీ మంజూరు. తర్వాత మన్సూరాబాద్ పేజీ తీశారు.

"ఏడాదిలో ఎనిమిది నెలలు అసలు లబ్ధిదారులే రాలేదా?" అన్నారు ప్రొఫెసరుగారు.

"నిజాయితీగా రాశారండీ" అన్నాను.

"నిజాయితీ సరేనమ్మా, పని జరగలేదుగా" అన్నారు వదినగారు.

రిటైర్డ్ అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని, ఆ రోజంతా ఎవరూ అడగని తెలివైన ప్రశ్న అడిగారు. "పొద్దున్నే పనికి పోయే కూలీల పిల్లల కోసం పెట్టిన కేంద్రాన్ని తొమ్మిదింటికి తెరవమని చెప్పిందెవరు?"

డైరెక్టరు గారు నా వైపు చూశారు. షరతుల కాగితం నా ముందున్న ఫైల్లోనే ఉంది. కింద నా సంతకం ఉంది. నోరు తెరిచి రెండే మాటలు చెప్పాలి: నేనే, సార్. నేను ఫైలు తాడు ముడి విప్పుతూ కూర్చున్నాను. ఆ ముడి అప్పటికే విప్పి ఉంది.

"వాళ్ళే పెట్టుకుని ఉంటారండీ" అన్నారు డైరెక్టరు గారు, నన్ను కాపాడుతున్నట్టుగా.

"అయితే వాళ్ళకు క్షేత్రం తెలియదన్నమాట" అన్నారు అధికారి. పేజీ తిప్పారు. మంజూరు లేదు.

ఎందుకు మాట్లాడలేదని మీరు అడుగుతారు. నాది ఏడాది ఏడాదికి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. నా కాగితం కూడా ఆ రోజు చివరి అంశంగా ఆ బల్ల మీదే ఉంది. అది ఒక కారణం. రెండోది ఇంకా చిన్నది: అప్పటిదాకా ఆ గదిలో నన్ను అందరూ తెలివైనదనుకునేవారు. నాకు ఉన్నదల్లా అదే. దాన్ని వదులుకోలేకపోయాను. మధ్యాహ్నం నా కాంట్రాక్టు పొడిగించారు. సహోద్యోగి స్వీటు తెప్పించాడు. ఆ స్వీటు తిన్నాను కూడా.

ఆవిడకు ఉత్తరం నేనే టైపు చేశాను. నిధుల పరిమితి దృష్ట్యా అని మొదలయ్యేది. ఆవిడ ఫోన్ చేసి ఏడవలేదు, తిట్టలేదు. "పిల్లలను ఎప్పటిదాంక ఉంచుకోవచ్చు మేడం?" అని అడిగింది. "ఈ నెలాఖరు" అన్నాను. "మంచిది" అని పెట్టేసింది.

సెంటర్ మూసేశాక ఒక పొద్దున నిద్ర పట్టక ఎల్బీనగర్ అడ్డాకు వెళ్ళాను. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వేళకు అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. జనం వంద మందికి పైనే ఉన్నారు. నా చీర చూసి ఎవరో మేస్త్రీ ఇంటి మనిషిననుకుని ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "అమ్మా, ఎంతమంది గావాలె? మేం ఇద్దరం ఒస్తం, మట్టి పనైన చేస్తం." ఒకామె చంకలో మూడేళ్ళ పిల్ల ఉంది. ఆ పిల్ల పాదానికి గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగాను. "పనికాడికి తీస్కపోయిన. తడి సిమెంటుల ఆడుకుంట కూసున్నది. కాలు కాలింది. దవాఖానల సూపిచ్చినం, మానుతుంది" అంది. ఆ తర్వాత, నేను కూలీలను మాట్లాడుకోవడానికి రాలేదని అర్థమై పక్కకు వెళ్ళిపోయింది. నేను ఆటో ఎక్కి ఆఫీసుకు పోయి, తొమ్మిదింటికి హాజరు వేసుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఇంకో ట్రస్టు దరఖాస్తులు పిలుస్తోందని తెలిసి ఆవిడకు కబురు పంపాను. ఒక ఆదివారం చర్చి అయ్యాక సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. మా గడప తొక్కిన అతి కొద్దిమందిలో ఆవిడ ఒకతె. నేను అన్నం వండాను, ఆవిడ ఇంటినుంచి గోంగూర పచ్చడి తెచ్చింది. తిని, చాప పరుచుకుని ఫారం నింపాం. అందులోనూ 'ఎదురైన వైఫల్యాలు' అని ఒక గడి ఉంది. నాలాంటిది ఇంకొకతె ఎక్కడో ఉందన్నమాట.

ఆవిడ పెన్ను ఆపింది. "దీంట్ల ఏం రాయాలె మేడం?"

"ఏమీ లేవు అని రాయమ్మా."

నా మొహంలోకి చూసింది. గుండ్రంగా రాసింది. రాసి, తల ఎత్తకుండానే అడిగింది. "మేడం, ఒక్క మాట అడుగుతా. గా తొమ్మిది గంటల టైము మీ కాగితంల ఉన్నదే అని మీటింగ్ల చెప్పిండ్రా?"

ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పి ఉంటే ఇదంతా మీకు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. లోకంలో నాతో నిజం మాట్లాడే మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి నా ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది. నిజం చెబితే లేచి వెళ్ళిపోతుందని భయం వేసింది.

"చెప్పిన" అన్నాను. "శానా సేపు కొట్లాడిన. వినలేదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నాకెరుకే. మీరు ఊకోరని మా ఆయనతోని గూడ అన్న" అంది. పని చేసి చేసి గరుకెక్కిన చెయ్యి. నేను నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కొత్త ట్రస్టు డబ్బిచ్చింది. సెంటర్ మళ్ళీ అయిదున్నరకు తెరుచుకుంది. ఆ మరుసటి ఏడు మా ట్రస్టు ప్రభుత్వానికి పంపిన విధాన పత్రంలో, కూలీల పిల్లల కేంద్రాల వేళలు తల్లుల పని వేళలను బట్టి ఉండాలని ఒక సిఫారసు ఉంది. మా క్షేత్ర అనుభవంలో తేలిన ముఖ్య పాఠమట అది. రూపకల్పనలో నా పేరూ వేశారు. ఆ పత్రాన్ని ఎవరైనా మెచ్చుకుంటే, థాంక్సండీ అంటూ వచ్చాను.

నేను రిటైరైన రోజున ఆఫీసు హాల్లో చిన్న సభ పెట్టారు. బోర్డువాళ్ళు నలుగురూ వచ్చారు. శాలువా కప్పారు. రకరకాల సంస్థలవాళ్ళు లేచి నేను మహానుభావురాలినని చెప్పారు. చివర్లో మన్సూరాబాద్ నుంచి ఆవిడ లేచింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. మైకు పట్టుకుంది.

"నాకు మాట్లాడరాదు. ఒక్క ముచ్చట చెప్పి కూసుంట. మా సెంటర్‌కు పైసలు ఆపినప్పుడు, తప్పు వీళ్లది కాదు, టైము మనమే వెట్టినమని గీ మేడం ఒక్కతే పెద్ద పెద్దోళ్లతోని మీటింగ్ల కొట్లాడింది. ఎవ్వలు ఇనకున్న గూడ కొట్లాడింది. మా పిల్లలు బతికున్నన్ని రోజులు యాదుంచుకుంటం."

హాలంతా చప్పట్లు. నేను మొదటి వరుస వైపు చూశాను. ఆ మీటింగులో ఉన్నవాళ్ళు అయిదుగురూ అక్కడే ఉన్నారు. నేను నోరు విప్పలేదని వాళ్ళకు తెలుసు. ప్రొఫెసరుగారు ఒక్క క్షణం వదినగారి వైపు చూశారు. రిటైర్డ్ అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు గారు లేచి నిలబడి మరీ కొట్టారు.

సభ అయ్యాక ఆవిడను మెట్రో స్టేషన్ దాకా నడిపించాను. చేతిలో పూలదండలు, శాలువా. మెట్ల దగ్గర ఆగి, "నీకొక మాట చెప్పాలమ్మా. ఆ రోజు మీటింగులో..." అని మొదలుపెట్టాను.

"ఇంకెందుకు మేడం గా ముచ్చట? మీరు చేసేది చేసిండ్రు. పరేషాన్ గాకుండ్రి. ఇగ ఇంట్ల మంచిగ పండుకోండ్రి" అంది. నా భుజం తట్టి, రేపు పొద్దున్నే తెరవాలంటూ గబగబా మెట్లెక్కింది. నేను పిలిస్తే వినిపించేటంత దూరంలోనే కాసేపు కనిపించింది. నేను పిలవలేదు.